రేవులో ఓడ, ఇంట్లో గ్యాసు

ఏప్రిల్ 26, ఆదివారం. ఉదయం 9.15

నిర్ణయం తీసేసుకున్నాను! మా ఆవిడ ఏవ్రిల్‌ని నార్వే తీసుకెళ్తున్నాను. విమానం ఎక్కకుండా. మన ఊరి రేవు నుంచే. ఓడలో!

ఓడ పేరు ‘ఎమ్మెలిన్’. జూన్ 14న బయలుదేరుతుంది. ఏడు రాత్రులు. అది ఆగే చోటు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. నడిస్తే పద్దెనిమిది నిమిషాలు. ఇందాకే కొలిచాను. తిరిగొచ్చేటప్పుడు ఎత్తు కాబట్టి ఇరవై మూడు. ఇన్నేళ్ళూ నార్త్ షీల్డ్స్‌లోనే ఉండి ఈ ఆలోచన రాలేదు చూడండి! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

ఏవ్రిల్‌కి చెప్పాను. ఓవెన్ తుడుస్తోంది. తల బయటికి తియ్యలేదు.

“ఎక్కుతావా మరి?”

“ఎందుకెక్కను?”

“పోయినేడాది కూడా ఇదే గొంతుతో అన్నావు.”

సరే, ఆ సంగతి కూడా ఇక్కడ రాసి పారేస్తాను. పోయినేడాది నార్వేలోని బెర్గెన్‌కి పోయే విమానంలో కూర్చున్నాం. తలుపు వేస్తున్నారు. నేను లేచి నిలబడి, ఇంట్లో గ్యాసు కట్టడం మర్చిపోయానని అరిచాను. ఇద్దర్నీ దింపేశారు. మా పెట్టెలు వెతికి తీసేదాకా నూట ఎనభై మంది కిటికీల్లోంచి మమ్మల్నే చూశారు.

మా ఇంట్లో గ్యాసు లేదు. అంతా కరెంటే.

ఆ మాట ఏవ్రిల్ అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంటికొస్తూ టాక్సీలో కూడా నన్నొక్క మాట అనలేదు. అనేసి ఉంటే బాగుండేది.

సాయంత్రం 5.30

ఏదో జర్మన్ ఓడ వెళ్తుంటే చేపల రేవుకి వెళ్ళి వీడ్కోలుగా దుప్పటి ఊపి వచ్చాం. మా ఊళ్ళో ఏ ఓడనీ ఎవరూ ఊపకుండా పంపరు. ఎక్కినవాళ్ళు మనవాళ్ళు కాకపోయినా సరే. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు, మేమిద్దరం ఒక్క ఓడ తప్పలేదు. చెరో కొస పట్టుకుంటాం.

దుప్పటి మడత పెడుతూ ఏవ్రిల్ అంది: “వాళ్ళకీ వీళ్ళకీ ఊపీ ఊపీ నా భుజం అరిగిపోయింది క్లైవ్. ఒక్కసారి అవతలి వైపు నుంచి ఊపాలనుంది.”

“జూన్ 14న ఊపుతావు!”

“చూద్దాం. ఇదీ తప్పిందంటే మాత్రం ఇకమీదట నీకోసం ఆగను. నా ప్రయాణాలు నేను చేసుకుంటా. కోపంతో అనట్లేదు బంగారం. వయసైపోతోంది, అంతే.”

కోపంతో అన్నా ఇంత భయపడేవాణ్ణి కాదు.

మే 3, ఆదివారం

ముప్పై ఒక్క ఏళ్ళు డ్రైవింగు పరీక్షలు పెట్టినవాణ్ణి నేను. అభ్యాసం లేకుండా ఎవడూ గట్టెక్కలేడు. రూలు మీకు తెలిసే ఉంటుంది. చిన్న తప్పులు పదిహేను దాకా చేసినా పాసే. పెద్ద తప్పు ఒక్కటి చేస్తే ఫెయిల్. ఓడకి కూడా ఇదే పెడుతున్నాను.

ప్రణాళిక:
1. గది అలవాటు.
2. కడుపు అలవాటు.
3. విందు అలవాటు.
4. ప్రమాద హెచ్చరిక.
5. మనకి ఊపేవాళ్ళు!! (కనీసం పన్నెండుమంది.)

మాది కిటికీ లేని గది, పదమూడు చదరపు మీటర్లు. హాల్లో తివాచీ మీద సుద్దతో కొలతల ప్రకారం గీశాను. కర్టెన్లు వేసేశాను. రెండు రోజులు ఇందులోనే ఉండాలి. కొలత ప్రకారం టీవీ గీతకి అవతల పడింది. అంటే సముద్రంలో ఉంది. అయినా పనిచేస్తోంది.

మధ్యాహ్నం ఏవ్రిల్ గీత దాటింది.

“సముద్రంలో పడ్డావు!” అన్నాను.

“పడితే పడ్డాను. టీ కావాలా వద్దా?”

చిన్న తప్పు, ఒకటి. ఆమె ఖాతాలో వేశాను.

మే 10, ఆదివారం. మధ్యాహ్నం 12.40

కడుపు అలవాటు. నది దాటించే పడవలో అవతలి ఒడ్డుకి ఏడు నిమిషాలు. ఆరుసార్లు పోయి రావాలని లెక్క. అల్లం బిస్కెట్లు రెండు పొట్లాలు.

మొదటిసారి: అద్భుతం! పుట్టుకతోనే నావికుణ్ణి!

రెండోసారి: బాగానే ఉంది.

మూడోసారి: పడవ మనిషి వచ్చి అడిగాడు, “ఏవైనా పారేసుకున్నారా పెద్దాయనా? ఇందాకట్నుంచీ ఇటూ అటూ తిరుగుతున్నారు.” నార్వే వెళ్తున్నానని చెప్పాను. “ఇది అంత దూరం పోదండీ” అన్నాడు.

నాలుగోసారి: వాంతి. అప్పటికి పడవ ఇంకా కదల్లేదు. తాడు కట్టే ఉంది.

తప్పు బిస్కెట్లది. చిన్న తప్పు.

మే 17, ఆదివారం

ఊపేవాళ్ళ జాబితా. పన్నెండు పేర్లు రాసి ఇల్లిల్లూ తిరిగాను. ఒక చిక్కు ముందుగా ఊహించలేదు. ఈ పన్నెండుమందిలో తొమ్మిదిమందిని డ్రైవింగులో ఫెయిల్ చేసింది నేనే.

బేకరీ ఆవిడ: “ఆ రోజు నా చేతులు ఖాళీ ఉండవు.” నేను మరీ మరీ అడిగాను. “చేతులు ఖాళీగా ఉంచకూడదని మీరే కదా చెప్పారు, రెండూ స్టీరింగు మీదే ఉండాలని” అంది. పందొమ్మిదేళ్ళ క్రితం మాట!

పక్కింటి స్టాన్లీని నాలుగుసార్లు ఫెయిల్ చేశాను.

“అయిదోసారి పాసయ్యా, గుర్తుందా?” అన్నాడు.

“గుర్తుంది.”

“ఎందుకు పాసయ్యానో తెలుసా? నువ్వు సెలవులో ఉన్నావు.”

అయినా వస్తానన్నాడు. మంచివాడు. పరీక్ష రోజు మాత్రం అద్దం చూసుకోకుండా లారీ ముందుకి పోనిచ్చాడు. నేనేం చెయ్యను?

నా మరదలు గ్లెండా, అంటే ఏవ్రిల్ చెల్లెలు, ఫోన్లోనే తేల్చేసింది. “అయ్యో బావా! సరిగ్గా ఆ వారమే నేను స్పెయిన్‌లో ఉంటా. అయినా నువ్వు ఓడెక్కడం నేను చూడకపోతే ఎలా? ఫోటో పంపు. ఫోటోలో ఓడ కూడా ఉండాలి సుమా!” అని ఒకటే నవ్వు. అక్కాచెల్లెళ్ళు తర్వాత తలుపేసుకుని నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.

ప్రస్తుతం జాబితా: నలుగురు.

మే 24, ఆదివారం. ఉదయం 6.00

ప్రమాద హెచ్చరిక అభ్యాసం. మూకుడు మీద గరిటెతో ఏడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఏవ్రిల్ లైఫ్ జాకెట్ (అంటే చలికోటు, దిండు, తాడు) వేసుకుని మూడు నిమిషాల్లో మెట్ల కింద హాజరు కావాలి.

6.03: ఏవ్రిల్ రాలేదు. స్టాన్లీ వచ్చాడు, లుంగీలా చుట్టుకున్న తువ్వాలుతో. “ఎవరు పోయారు?” అన్నాడు.

6.20: ఏవ్రిల్ వచ్చింది. దిండుతోనే వచ్చింది. కానీ అది నా మొహం మీద పెట్టి నొక్కడానికని తర్వాత తెలిసింది.

సాయంత్రం 7.00

విందు అలవాటు. ఓడలో రెండు రాత్రులు సూటు, బో టై తప్పనిసరి. కాబట్టి అవి వేసుకునే చేప వేపుడు, బంగాళదుంప చిప్స్ తిన్నాం. ఏవ్రిల్ నీలం గౌను వేసుకుంది. పోయినేడాది బెర్గెన్ కోసం కొన్నది. ధర చీటీ కూడా ఇంకా తియ్యలేదు. చాలా బాగుంది, ఆ మాట చెప్పాను కూడా. తను కత్తెర తెచ్చుకుని చీటీ కత్తిరించింది.

నా కోటు గుండీ పట్టలేదు. ఈ క్షణం నుంచి పథ్యం!

8.40: పథ్యం రేపట్నుంచి. మిగిలిన చిప్స్ పారేస్తే పాపం కదా.

మే 31, ఆదివారం

ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయి. పెద్ద మంచం తెల్ల దుప్పటి ఒకటి లేదు. గేటుకి వేద్దామని కొన్న నల్ల రంగు డబ్బా మూత తీసి ఉంది. కుంచె తడిగా ఉంది.

ఏవ్రిల్‌ని అడిగాను. “దయ్యాలేమో” అంది.

నా అనుమానం స్టాన్లీ మీద. నాలుగుసార్లు ఫెయిలైన మనిషి ఏమైనా చేస్తాడు. అడిగేద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు గొడవపడితే ఊపేవాడు ఒకడు తగ్గుతాడు. అణుచుకున్నాను.

జూన్ 6, శనివారం

కొన్ని విషయాలు నిష్పక్షపాతంగా పరిశీలించాను.

ఒకటి: జూన్‌లో ఉత్తర సముద్రం అంత నమ్మదగ్గది కాదట. (ఎవరన్నారు? చేపల కొట్టువాడు. అతను ఎప్పుడూ సముద్రంలోకి పోలేదు. అదే పాయింటు!)

రెండు: టమాటాలు సరిగ్గా ఇప్పుడే పూత మీదున్నాయి. ఏడు రోజులు వదిలేస్తే ఏమై పోవాలి?

మూడు: పాస్‌పోర్టు ఫోటోలో నేను నాలా లేను. దించేస్తారేమో.

నాలుగు: నార్వే ఎక్కడికీ పోదు.

ఇవన్నీ ఏవ్రిల్ ముందు పెట్టాను. తన పెట్టె సర్దేసి తాళం వేసి గుమ్మం దగ్గర పెట్టింది. దానిమీదే కూర్చుని విన్నది.

“నీ పెట్టె ఏది?”

“బరువు సమంగా పంచాలి కదా, ఆలోచిస్తున్నాను.” జాబితా నాలుగు పేజీలైంది. పెట్టె మాత్రం ఖాళీ.

“క్లైవ్. ఇప్పుడే చెప్పెయ్, ఏమీ అనుకోను. రాలేనంటే రాలేనను.”

“ఎందుకు రాలేను? చక్కగా వస్తా!”

తను లేచి నా సాక్సులు మడత పెట్టడం మొదలుపెట్టింది. అక్కడ నిజం చెప్పేసి ఉండాల్సింది. సాక్సుల రంగు గురించి మాట్లాడాను.

జూన్ 12, శుక్రవారం

ఊపేవాళ్ళు: ఒక్కడు. మిగతా ముగ్గురూ తప్పుకున్నారు. స్టాన్లీ. దుప్పటి వాళ్ళింట్లో ఇచ్చి, రెండుసార్లు అభ్యాసం చేయించాను. భుజం నుంచి ఊపడు, మణికట్టు నుంచే ఊపుతాడు. చిన్న తప్పు. నోరు మూసుకున్నాను.

జూన్ 14, ఆదివారం

మధ్యాహ్నం 1.30. ఎక్కేశాం!!! నేను! ఓడ మీద! ఏవ్రిల్ నీలం గౌనులో ఉంది. కిటికీ లేని గది టేపు పెట్టి కొలిచాను. పొడవు నాలుగు సెంటీమీటర్లు తక్కువ. చిన్న తప్పు.

2.15. ప్రమాద హెచ్చరిక. లైఫ్ జాకెట్ పదకొండు సెకన్లలో కట్టాను. “ఇంతకుముందు ఓడల్లో పనిచేశారా సార్?” అని అడిగాడు ఓడలో పనిచేసే కుర్రాడు. నా జీవితంలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

2.50. స్టాన్లీ ఫోను. తుంటి పట్టేసిందట. రాలేడట.

“వాన కూడా వచ్చేలా ఉంది. పైగా నువ్వు నన్ను నాలుగుసార్లు…”

పెట్టేశాను.

అంటే ఎవరూ ఊపరు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరికీ ఊపిన ఏవ్రిల్‌కి ఎవరూ ఊపరు! ఇది కుదరదు. ససేమిరా కుదరదు.

3.05. ఏవ్రిల్‌కి చెప్పాను. నాలుగింటికి గేటు వేస్తారు, అయిదింటికి ఓడ కదులుతుంది. గబగబా వెళ్ళి దుప్పటి చేపల రేవు కమ్మీకి కట్టేసి వచ్చేస్తాను. గాలికి అదే ఊగుతుంది. అరగంట పని.

ఏవ్రిల్ అద్దం ముందు చెవులకి పోగులు పెట్టుకుంటోంది. లేచి వచ్చి నా స్వెటరు గుండీలు మెడదాకా పెట్టింది.

“చలిగా ఉంటుంది. ఇదిగో, ఇంటి తాళంచెవి నీ దగ్గరుంచు.”

నాకెందుకని అడగాలి కదా? అడగలేదు.

3.25. స్టాన్లీ ఇల్లు. దుప్పటి తీసుకున్నాను. కుంటుతున్నాడు, నిజంగానే పట్టేసింది పాపం.

3.38. చేపల రేవు. కమ్మీకి దుప్పటి కట్టాను. ముడి బాగోలేదు. విప్పి మళ్ళీ కట్టాను.

3.44. ఇంకా బోలెడు టైముంది. ఆకలి. చిప్స్ కొన్నాను, ఓడ మీద తినడానికి.

3.51. వేడిగా ఉన్నాయి. వేడివి పట్టుకుని పరిగెత్తకూడదు.

3.57. రెండు టాక్సీలు ఖాళీగా వెళ్ళాయి. ఒకతను నన్ను చూసి ఆపాడు కూడా. చేతిలో చిప్స్ ఉన్నాయి, ఎలా పిలుస్తాను?

4.05. గేటు వేసేసి ఉంటారు. ఇక తొందరేం లేదు.

4.06. చిప్స్ సముద్రపు కాకులకి వేసేశాను. నోట్లోకి పోవడం లేదు. వేల మందిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను నేను. చేతులు వణికేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, బ్రేకు బదులు ఇంకోటి తొక్కేవాళ్ళు. ఒక్కడు కూడా మధ్యలో తలుపు తీసుకుని దిగిపోలేదు.

5.20. వస్తోంది.

ఇంత పెద్దదా! ఇందాక లోపలున్నప్పుడు తెలియలేదు. రేవుకి దగ్గరగా, ఇళ్ళకంటే ఎత్తుగా, మెల్లగా వస్తోంది. కమ్మీ మీంచి దుప్పటి విప్పేసి నేనే ఊపడం మొదలుపెట్టాను. రెండో కొస పట్టేవాళ్ళు లేక అది నా నెత్తి మీదే పడుతోంది. పక్కనున్న వాళ్ళెవరో, “మీవాళ్ళెవరైనా ఉన్నారా ఓడలో?” అని అడిగారు. “మా ఆవిడ” అన్నాను. “మీరు వెళ్ళలేదేం?” అన్నారు. దుప్పటి నెత్తి మీదే ఉండటం ఒకందుకు మంచిదైంది.

మెడలో ఉన్న బైనాక్యులర్ పెట్టి వెతికాను. పై అంతస్తులో నీలం గౌను! ఏవ్రిల్! ఏడుస్తోందేమో అనుకున్నాను. లేదు. నవ్వుతోంది. పక్కన ఇంకెవరో, చేతిలో గ్లాసు, నెత్తి మీద పెద్ద టోపీ.

గ్లెండా!

గ్లెండా స్పెయిన్‌లో కదా ఉండాలి!

ఇద్దరూ ఒంగి కిందనుంచి ఏదో తీశారు. చెరో కొస పట్టుకుని విప్పారు. మా తెల్ల దుప్పటి. పెద్ద మంచానిది. దానిమీద నా గేటు రంగుతో, మూరెడేసి అక్షరాలతో:

గ్యాసు కట్టేశాను

కింద కొంచెం చిన్నగా: టమాటాలకు నీళ్ళు పొయ్యి.

కుంచె తడిగా ఉన్నది మే 31న. అంటే నేను ఇవాళ దిగిపోతానని తనకి రెండు వారాల ముందే తెలుసు. నాకే ఇవాళ మూడు గంటల దాకా తెలియదు.

ఏవ్రిల్ ఊపింది. భుజం నుంచి, నిండుగా, ముప్పై ఎనిమిదేళ్ళు ఇటునుంచి ఊపినట్టే. నేనూ ఊపాను. ఓడ మూడుసార్లు కూత వేసింది. గట్టు చివర మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. ఆ తర్వాత కూడా కాసేపు ఊపాను.

6.45. ఇల్లు. టమాటాలకు నీళ్ళు పోశాను. పెద్ద తప్పు: ఒకటి. ఫెయిల్.

నాకు భయం విమానమంటే కాదు. ఓడంటే కూడా కాదు. వెనకాల తలుపు వేసేస్తారు చూడు, అదంటే. ఇన్నేళ్ళూ ఈ ఒక్క ముక్క ఏవ్రిల్‌కి చెప్పలేక దొంగ సాకులు చెప్పాను. సిగ్గుగా ఉంది.

జూన్ 21, ఆదివారం

వచ్చింది! రేవు దగ్గర పెట్టె నేనే అందుకున్నాను. గ్లెండా నన్ను చూస్తూనే, “స్పెయిన్ చాలా చల్లగా ఉంది బావా, ఎటు చూసినా మంచుకొండలే!” అని పొట్ట పట్టుకుని నవ్వింది. పడాలి.

ఇంటికొచ్చాక, తలుపు సంగతి చెప్పేశాను. మొత్తం. ఏవ్రిల్ టీ కలుపుతూ వింది.

“తెలుసు” అంది.

“ఎప్పట్నుంచి?”

“మన పెళ్ళప్పట్నుంచి. చర్చి తలుపు కొంచెం తీసి ఉంచమన్నావు కదా. జనవరిలో. పాస్టరుకి జలుబు చేసింది.”

“నేను దిగకపోయి ఉంటే? దుప్పటి ఏం చేసేదానివి?”

“పెట్టెలోనే ఉండేది. గ్లెండాని చూసి నువ్వు నీళ్ళలో దూకేవాడివి.”

అడిగాను, అవతలి వైపు నుంచి ఎలా ఉందని. తను కిటికీలోంచి నది వైపు చూసింది.

“చాలా బాగుంది. నువ్వు మాత్రం ఎంత చిన్నగా కనిపించావో క్లైవ్. ఇంతున్నావు. దుప్పటి కింద.” వేళ్ళతో చూపించింది. “అప్పుడు దిగిపోవాలనిపించింది నాకు. ఆ ఒక్కసారే.”

జూన్ 22, సోమవారం. ఉదయం 9.15

నిర్ణయం తీసేసుకున్నాను!

ఫెయిలైనవాళ్ళు మళ్ళీ పరీక్షకి రావాలంటే మధ్యలో పది పనిదినాలు ఆగాలి. ఈ రూలు నేనే కొన్ని వేలమందికి చెప్పాను. జూన్ 15 నుంచి 26 దాకా లెక్కపెట్టండి: సరిగ్గా పది. ‘ఎమ్మెలిన్’ మళ్ళీ బయలుదేరేది జూన్ 28న! ఇది దైవ సంకల్పం కాక మరేమిటి?

ఏవ్రిల్ ఒప్పుకుంది. ఒక షరతు మీద. “ముందు నువ్వెక్కు. నీ వెనకే నేను. మెట్ల మీద నన్ను దాటుకుని కిందికి దిగేంత చోటు నీకివ్వను.”

ప్రణాళిక:
1. సుద్ద గీతలు: మళ్ళీ గీశాను. ఈసారి నాలుగు సెంటీమీటర్లు తగ్గించి.
2. తలుపు అభ్యాసం: మెట్ల కింద అర, నేను లోపల, ఏవ్రిల్ బయటినుంచి గడియ. మొదటి రోజు పది సెకన్లు. (ఆరు సెకన్లు ఉన్నాను! చీపురు పట్టుకుని.)
3. ఊపేవాళ్ళు: గ్లెండా ఒక కొస, స్టాన్లీ ఒక కొస. స్టాన్లీకి క్షమాపణ చెప్పాను. లారీ సంగతి ఎత్తలేదు.
4. అల్లం బిస్కెట్లు: వేరే రకం.

పెట్టె సర్దేశాను. నిజంగా! సాక్సులతో సహా. గుమ్మం దగ్గర ఏవ్రిల్ పెట్టె పక్కనే ఉంది. ఇప్పుడు చూస్తే రెండూ ఎంత ముచ్చటగా ఉన్నాయో.

వంటింట్లోంచి ఏవ్రిల్ కేకేసింది. “క్లైవ్! గ్యాసు?”

“కట్టేశాను!” అన్నాను.

ఎందుకైనా మంచిదని లేచి వెళ్ళి ఒకసారి చూసొచ్చాను.